అక్కకు టైప్-1 షుగర్ ఉంటే తమ్ముడికి ఏ పరీక్ష చేయించాలి?

దేవరకొండ దిక్కు నుంచి ఒక అన్న అడిగింది ఇది. పెద్ద బిడ్డకు తొమ్మిదేళ్లు. రెండేళ్ల కింద వాంతులు, ఆయాసంతో ఐసీయూలో చేరినంక టైప్-1 షుగర్ అని తేలింది. భార్యకు థైరాయిడ్ మాత్ర నడుస్తున్నది. ఇద్దరిదీ మేనరికం. చిన్నోడికి నాలుగేళ్లు, 16 కిలోల బరువు, ఇప్పటికైతే ఏ ఇబ్బందీ లేదు. వాడికీ వస్తుందా, హైదరాబాద్‌లో ఒక ల్యాబ్ వాళ్లు చెప్తున్న జన్యు పరీక్ష చేయించాలా, మేనరికం వల్లనో ఫ్లోరైడ్ నీళ్ల వల్లనో వచ్చిందంటున్న చుట్టాల మాట నిజమా అని ప్రశ్న.

అన్నా, జన్యు పరీక్ష పక్కకు పెట్టండి. చిన్నోడికి కావాల్సింది యాంటీబాడీల పరీక్ష. రెండూ నెత్తురు తీసి చేసేవే కాబట్టి ఒకటే అనిపిస్తాయి గానీ చెప్పే సంగతి వేరు. జన్యువులు పుట్టినప్పుడు ఎట్లున్నాయో ముసలితనం దాకా అట్లనే ఉంటాయి, అవి చెప్పేది అవకాశం మాత్రమే. యాంటీబాడీలు కనబడ్డాయంటే ఒంట్లోని రక్షణ వ్యవస్థ పాంక్రియాస్‌లో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల మీద ఇప్పటికే తిరగబడిందని గుర్తు. షుగర్ పెరగడానికి నెలల ముందు, ఒక్కోసారి ఏళ్ల ముందే అవి నెత్తురులో దొరుకుతాయి.

ముందు భయం తగ్గే లెక్క ఒకటి. అక్కకో అన్నకో టైప్-1 ఉంటే తోబుట్టువుకు వచ్చే అవకాశం నూటికి 5 లేదా 6. తండ్రికి ఉంటే బిడ్డకు సుమారు 6, తల్లికి ఉంటే దాదాపు 3. ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో కూడా ఒకరికి వస్తే రెండోవాళ్లకు తప్పకుండా రావాలని లేదు, సగం అటూ ఇటూ. ఇవన్నీ యూరప్, అమెరికా కుటుంబాల లెక్కలు. అక్కడ మామూలు జనంలో వెయ్యికి ముగ్గురు నలుగురు పిల్లలకు వస్తుంది. అంటే మీ చిన్నోడికి రాకపోవడానికే నూటికి 94 పాళ్లు. మిగిలిన ఆరు పాళ్ల కోసమే ఈ పరీక్ష.

జన్యువుల సంగతి ఎందుకు పక్కకు పెట్టమన్నానో కొంచెం వివరంగా చెప్తా. టైప్-1కు సంబంధించిన జన్యు భారంలో దాదాపు సగం ఆరో క్రోమోజోమ్ మీదున్న హెచ్‌ఎల్‌ఏ అనే ప్రాంతంలోనే ఉంది. అందులో డీఆర్3-డీక్యూ2, డీఆర్4-డీక్యూ8 అనే రెండు రకాలు పేరుపొందినవి. తల్లి నుంచి ఒక కట్ట, తండ్రి నుంచి ఒక కట్ట వస్తాయి. మీ చిన్నోడికి అక్కతో రెండు కట్టలూ కలిసే అవకాశం నాలుగింట ఒకటి, ఒక్కటే కలిసేది సగం, అసలు కలవనిది నాలుగింట ఒకటి. ఆ రెండు రకాలూ ఒకేసారి వచ్చిన పిల్లల్లో కూడా, ఇంట్లో ఎవరికీ జబ్బు లేకపోతే, 15 ఏళ్ల లోపు షుగర్ వచ్చేది సుమారు ఇరవై మందిలో ఒక్కరికి. ఇక 'రిస్క్ ఉంది' అని రిపోర్టు చేతికొస్తే మీరు చేసేదేముంది? యాంటీబాడీలు చూడటమే. 'లేదు' అని వస్తే? అక్కకు జబ్బున్న ఇంట్లో ఆ ధీమాతో ఊరుకోలేరు, అప్పుడూ యాంటీబాడీలే చూస్తారు. అలాంటప్పుడు ఆ మెట్టు ఎందుకు ఎక్కడం?

ఇంకో చిక్కుంది. ఈ హెచ్‌ఎల్‌ఏ రకాలు అన్ని జాతుల్లో ఒక్కతీరుగా ఉండవు. మన దేశంలో టైప్-1 పిల్లల్లో డీఆర్3 బరువు ఎక్కువ. ఆ డీఆర్3 కట్ట కూడా యూరప్ వాళ్లదానిలా ఉండదు: వాళ్లలో బీ8-డీఆర్3 పక్కన ఏ1 అనే రకం ఉంటే, ఢిల్లీ ఎయిమ్స్ పరిశోధకులు మన వాళ్లలో ఏ26 ఎక్కువగా చూశారు. యూరప్‌లో పేరున్న పీటీపీఎన్22 అనే జన్యువులోని మార్పు మన దగ్గర అరుదు. యూరప్ పట్టికతో తయారైన రిపోర్టు దేవరకొండ పిల్లవాడికి అంకెతో సహా సరిపోతుందని అనుకోవద్దు. అట్లని జన్యు లెక్క పనికిరానిదేమీ కాదు. హైదరాబాద్ సీసీఎంబీ, పుణే కేఈఎం ఆసుపత్రి, ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వాళ్లు కలిసి 2020లో ప్రచురించిన పరిశోధనలో, చాలా జన్యు మార్పులను కలిపి వేసిన స్కోరు భారతీయుల్లో కూడా టైప్-1ను టైప్-2 నుంచి విడదీయగలిగింది. పాతికేళ్ల మనిషికి షుగర్ వచ్చి, ఏ రకమో తేలక సూదా మాత్రా అని డాక్టర్ తటపటాయించే చోట అలాంటి స్కోరుకు విలువ. జబ్బు లేని నాలుగేళ్ల పిల్లవాడికి కాదు. విదేశాల్లో టెడ్డీ అనే పరిశోధనలో నాలుగు లక్షల మందికి పైగా పసిపిల్లల జన్యువులు చూసి, సుమారు 8,600 మందిని ఎంచుకుని ఏళ్లపాటు వెంబడించారు. అక్కడ జన్యు పరీక్ష జల్లెడ. మీ ఇంట్లో జబ్బే జల్లెడ పట్టింది.

మేనరికం మాటకొస్తే, చుట్టాలు వదిన మీద వేసే నింద ఉత్తదే. మామూలు టైప్-1 ఒక్క జన్యువుతో వచ్చేది కాదు, పదుల కొద్దీ మార్పులు, బయటి కారణాలు కలిస్తే వచ్చేది. మేనరికంలో ప్రమాదం పెరిగేది తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చెడ్డ కాపీలు కలిస్తే వచ్చే జబ్బులకు. అలాంటివి ఈ రంగంలో కొన్ని ఉన్నాయి, అక్కడ మాత్రం జన్యు పరీక్ష తప్పనిసరి:

21వ క్రోమోజోమ్ మీది ఏఐఆర్‌ఈ జన్యువు చెడితే వచ్చేది ఏపీఎస్-1, ఒంట్లోని ఎన్నో గ్రంథులను దెబ్బతీసే జబ్బు. ఈ జన్యువును 1997లో గుర్తించారు. చిన్నతనంలోనే నోట్లో, గోళ్లకు తగ్గని తెల్లపూత, తరువాత పారాథైరాయిడ్ దెబ్బతిని కాల్షియం పడిపోయి ఫిట్స్, ఆ తరువాత కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథి దెబ్బతినడం. మూడింట్లో రెండు కనబడితే అనుమానించాలి. వోల్‌ఫ్రామ్ జబ్బు ఇంకొకటి: షుగర్‌తో పాటు కంటి నరం ఎండిపోయి చూపు తగ్గడం. ఇది ఆటోఇమ్యూన్, అంటే రక్షణ వ్యవస్థ సొంత ఒంటి మీదే తిరగబడి వచ్చే జబ్బు కాదు, కానీ టైప్-1 అనుకుని ఏళ్లు గడిపేస్తారు. ఆరు నెలల లోపు షుగర్ వచ్చిన పసిబిడ్డ సంగతైతే చెప్పనక్కర్లేదు, అది దాదాపు ఎప్పుడూ ఒక్క జన్యువు లోపమే. కేసీఎన్‌జే11, ఏబీసీసీ8 అనే జన్యువుల్లో లోపాలున్న పిల్లల్లో చాలామందికి సూది మాని మాత్రతో నడుస్తుంది. దానికి ఎక్సెటర్‌లోనూ చెన్నైలోని షుగర్ పరిశోధన సంస్థ ఎండీఆర్‌ఎఫ్‌లోనూ పరీక్ష చేస్తారు. ఒక్క జన్యువు జబ్బుల సలహాకు మనకు దగ్గర్లో నిమ్స్ జెనెటిక్స్ విభాగం, సీడీఎఫ్‌డీ ఉన్నాయి.

మీ బిడ్డకు ఏడేళ్లప్పుడు కీటోన్లతో (ఇన్సులిన్ లేక నెత్తురులో పేరుకునే ఆమ్లాలతో) బయటపడింది కాబట్టి మామూలు టైప్-1 అనే అనిపిస్తుంది. అయినా ఒక పని చేయండి: డిశ్చార్జ్ కాగితాల్లో గ్యాడ్, ఐఏ-2 అనే యాంటీబాడీల రిపోర్టులున్నాయా చూడండి. లేకపోతే ఇప్పుడు చేయించండి, రెండేళ్లయినా గ్యాడ్ చాలామందిలో నిలిచే ఉంటుంది. ఇన్సులిన్ యాంటీబాడీ మాత్రం బిడ్డకు ఇప్పుడు చేయించొద్దు. సూది మొదలైన వారం రెండు వారాల్లోనే బయటి ఇన్సులిన్ మీద ఒంట్లో యాంటీబాడీలు తయారవుతాయి, ఆ పాజిటివ్‌కు అర్థం లేదు. మన దేశంలో యాంటీబాడీలు నెగటివ్‌గా వచ్చే టైప్-1 పిల్లలు యూరప్ కంటే ఎక్కువ, అందుకని నెగటివ్ రాగానే కంగారు పడొద్దు. కానీ అన్నీ నెగటివ్, పైగా జబ్బొచ్చి మూడేళ్లు దాటాక కూడా తిన్న తరువాత తీసిన సీ-పెప్టైడ్ (ఒళ్లు సొంతంగా ఇన్సులిన్ ఎంత చేస్తున్నదో చెప్పేది) మిల్లీలీటరుకు 0.6 నానోగ్రాముల పైన ఉంటే, మేనరికం ఉన్న మీ ఇంట్లో జన్యు పరీక్ష గురించి అడగాల్సింది అప్పుడు. అదీ చిన్నోడికి కాదు, బిడ్డకు.

ఫ్లోరైడ్: మర్రిగూడ, మునుగోడు, చండూరు పల్లెల్లో అది పళ్లను, ఎముకలను ఏం చేసిందో అందరం చూసిందే. అందుకే ప్రతి జబ్బునూ దాని ఖాతాలో వేయడం మనకు అలవాటైంది. టైప్-1కు అది కారణమని తేల్చిన పరిశోధన లేదు. టీకాలూ కారణం కాదు, చిన్నోడి టీకాలు ఆపొద్దు.

ఇక అసలు పరీక్ష. చూడాల్సినవి నాలుగు: ఇన్సులిన్ యాంటీబాడీ, గ్యాడ్-65, ఐఏ-2, జింక్ ట్రాన్స్‌పోర్టర్-8. పసితనంలో మొదలయ్యే పిల్లల్లో ముందుగా లేచేది తరచూ ఇన్సులిన్ యాంటీబాడీ, అదీ ఎక్కువగా మొదటి రెండు మూడేళ్లలోనే. కొంచెం పెద్దయ్యాక మొదలయ్యే వాళ్లలో గ్యాడ్ ముందుంటుంది. ఐఏ-2, జింక్ సాధారణంగా తరువాత వస్తాయి, వస్తే మాత్రం జబ్బు వేగంగా నడుస్తున్నదని అర్థం. నాలుగూ ఒకేసారి చేయించడానికి చేతిలో పైసలు లేకపోతే గ్యాడ్, ఐఏ-2తో మొదలుపెట్టి, ఏదైనా పాజిటివ్ వస్తే మిగతావి చేయించమంటాను. ఇన్సులిన్ యాంటీబాడీ ఎలైజా పద్ధతిలో సరిగా పట్టదు, రేడియో పద్ధతిలో బాగా పట్టుతుంది. ఎలైజా ఒక్కదాన్నే నమ్ముకుని అవుననీ కాదనీ చెప్పొద్దు.

పరగడుపు అక్కర్లేదు. రెండు మూడు మిల్లీలీటర్ల నెత్తురు చాలు, సీరం తీస్తే యాంటీబాడీలు గట్టివి, నల్గొండ నుంచి హైదరాబాద్ దాకా చల్లటి పెట్టెలో పోతే పాడు కావు. పాడయ్యేది గ్లూకోజ్, దాని సంగతి కింద చెప్తా. ఎవరైనా ఐవీఐజీ (దాతల నెత్తురు నుంచి తీసిన యాంటీబాడీల మందు) ఎక్కించుకుని ఉంటే కొన్ని నెలల దాకా ఈ యాంటీబాడీలు అరువు తెచ్చుకున్నవై కనబడొచ్చు. టైప్-1 ఉన్న తల్లికి పుట్టిన పసిబిడ్డలో కూడా అంతే, తల్లివే మాయ గుండా వచ్చి ఏడాది వరకూ ఉండొచ్చు. మీ ఇంట్లో తల్లికి షుగర్ లేదు, బాబుకు నాలుగేళ్లు, కాబట్టి ఈ తిరకాసు లేదు.

జుట్టు కోసమని బయోటిన్ ఉన్న విటమిన్ సిరప్‌లు, మాత్రలు వాడుతుంటే పరీక్షకు రెండు మూడు రోజుల ముందు ఆపండి. ఇది చాలా ల్యాబ్‌ల్లో అడగరు. బయోటిన్ మీద నడిచే కిట్‌లలో థైరాయిడ్ పరీక్షలు తప్పుతాయి: టీఎస్‌హెచ్ తప్పుగా తక్కువ, టీ4 తప్పుగా ఎక్కువ చూపిస్తుంది. థైరాయిడ్ సరిగానే ఉన్న మనిషికి అది మితిమీరి పనిచేసే గ్రేవ్స్ జబ్బు ఉన్నట్టు రిపోర్టు వస్తుంది. వదిన రిపోర్టులకూ ఇదే జాగ్రత్త.

రిపోర్టు చదవడంలోనే ఎక్కువ తప్పులు జరుగుతాయి. ఒక లెక్క వేద్దాం. పరీక్ష నూటికి 99 సార్లు సరిగ్గా 'లేదు' అంటుందనుకోండి, మంచి పరీక్షే. వెయ్యి మంది మామూలు పిల్లలకు చేస్తే, నిజంగా జబ్బు మొదలైనవాళ్లు ముగ్గురు, ఉత్తుత్తి పాజిటివ్‌లు పది. అందుకే ఒక్క యాంటీబాడీ, అదీ కటాఫ్‌కు కొద్దిగా పైన వచ్చినదాన్ని చూసి ఇంట్లో ఏడుపులు పెట్టొద్దు. మొదట రెండోసారి నెత్తురు తీసి, వీలైతే వేరే పద్ధతి వాడే ల్యాబ్‌లో, మళ్లీ చేయించాలి. రెండోసారీ పాజిటివ్ వస్తేనే లెక్క.

2013లో మూడు దేశాల పిల్లలను కలిపి చూసిన పెద్ద పరిశోధన ఈ రంగానికి కొలబద్ద. ఒకే యాంటీబాడీ ఉన్న పిల్లల్లో పదేళ్లలో షుగర్ వచ్చింది నూటికి సుమారు 15 మందికి. రెండు లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నవాళ్లలో పదేళ్లలో 70 మందికి, పదిహేనేళ్లలో 84 మందికి. ఒకటికీ రెండుకూ మధ్య ఉన్న ఈ అగాధం వల్లనే 2015 నుంచి జబ్బు దశలను కొత్తగా లెక్కపెడుతున్నారు: రెండు యాంటీబాడీలుండి షుగర్ మామూలుగా ఉంటే మొదటి దశ, షుగర్ కొంచెం అటూ ఇటూ అయితే రెండో దశ, షుగర్ వ్యాధి హద్దు దాటితే మూడో దశ. మనం మామూలుగా 'టైప్-1 వచ్చింది' అనేది మూడో దశను.

చిన్నోడికి అన్నీ నెగటివ్ వస్తే ఆరేళ్లప్పుడు ఒకసారి, పదేళ్ల దిక్కు ఇంకోసారి చేయిస్తే చాలు. రెండేళ్లకూ ఆరేళ్లకూ రెండుసార్లు చూస్తే, పదిహేనేళ్ల లోపు జబ్బు వచ్చే పిల్లల్లో పదింట ఎనిమిది మందిని పట్టొచ్చని 2022లో లెక్కగట్టారు. ఒక్కటే స్థిరంగా పాజిటివ్ అయితే ఏడాదికోసారి యాంటీబాడీలు, షుగర్ చూడండి. రెండు వస్తే ఎండోక్రైనాలజిస్ట్ దగ్గరికి. వాడి వయసుకు ఆరు నెలలకోసారి షుగర్, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ, వాళ్లు చెప్పినప్పుడు గ్లూకోజ్ తాగించే పరీక్ష.

ఆ తాగించే పరీక్షను చిన్న ఊళ్ల ల్యాబ్‌లలో పెద్దవాళ్లకు చేసినట్టే పిల్లలకూ 75 గ్రాములు కలిపి ఇచ్చేస్తారు. తప్పు. పిల్లలకు కిలోకు 1.75 గ్రాములు, మీవాడికి 16 కిలోలంటే 28 గ్రాములు. ఎంత బరువున్నా 75 దాటొద్దు. కొట్లో దొరికే గ్లూకోజ్ పొడిలో నీటి అణువు కలిసి ఉంటుంది, అందుకని పదో వంతు ఎక్కువ, అంటే దాదాపు 31 గ్రాములు తూచాలి. నూరు, నూటిరవై మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి అయిదు నిమిషాల్లో తాగించాలి. ముందు మూడు రోజులు అన్నం, రొట్టె మామూలుగా తినాలి, రాత్రి నుంచి కనీసం ఎనిమిది గంటలు పరగడుపు. వాంతి చేసుకుంటే ఆ రోజుకు వదిలేసి ఇంకో రోజు. మధ్యలో ఆడుకోవడానికి, ఉరకడానికి పంపొద్దు.

హద్దులు: పరగడుపున 100 నుంచి 125, రెండు గంటలకు 140 నుంచి 199, లేదా హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 ఉంటే రెండో దశ. పరగడుపున 126, రెండు గంటలకు 200, హెచ్‌బీఏ1సీ 6.5 లేదా అంతకు మించితే మూడో దశ, లక్షణాలు లేకపోతే ఇంకో రోజు మళ్లీ చూసి ఖాయం చేస్తారు.

ఇక్కడ మన ఎండల సంగతి. నెత్తురు గొట్టంలో ఉన్నా కణాలు గ్లూకోజ్‌ను తింటూనే ఉంటాయి, గంటకు 5 నుంచి 7 శాతం తగ్గుతుంది. మే నెలలో కలెక్షన్ బాయ్ బండి డిక్కీలో నాలుగు గంటలు తిరిగిన శాంపిల్‌లో 130 ఉన్నది 100 దగ్గర కనబడితే ఆశ్చర్యం లేదు. బూడిదరంగు మూత గొట్టంలో ఉండేది సోడియం ఫ్లోరైడే, నల్గొండ వాళ్లకు ఫ్లోరైడ్ మేలుచేసే చోటు అదొక్కటే. కానీ అది పనిచేయడానికి కూడా గంట రెండు గంటలు పడుతుంది. అందుకని తీసిన వెంటనే ఐసులో పెట్టి, అరగంటలో తిప్పి ప్లాస్మా విడదీసే చోటే ఇవ్వండి. పరీక్ష ఎక్కడ చేస్తారో అడగండి: అక్కడే మిషన్ ఉంటే మంచిది, 'హైదరాబాద్ పంపుతం' అంటే గ్లూకోజ్‌కు వద్దు. సీ-పెప్టైడ్ అయితే ఊదారంగు మూత ఈడీటీఏ గొట్టంలో ఒక రోజు దాకా నిలుస్తుంది.

హెచ్‌బీఏ1సీని కూడా కళ్లు మూసుకుని నమ్మొద్దు. ఐరన్ తక్కువై రక్తహీనత ఉన్న పిల్లల్లో అది ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. సికిల్ సెల్ ఉంటే, ఎర్రకణాలు తొందరగా చితికిపోయే ఏ జబ్బున్నా తక్కువ చూపిస్తుంది. పక్కన హిమోగ్లోబిన్ కూడా చేయించి రెండూ కలిపి చదివించండి.

పాజిటివ్ వస్తే చేసేదేముంది, తెలుసుకుని ఏం లాభం అని చాలామంది అడుగుతారు. సూటి ప్రశ్నే. జబ్బును పూర్తిగా ఆపే మందు ఈ రోజుకూ లేదు. ఆలస్యం చేసేది ఒకటుంది: టెప్లిజుమాబ్. ఎనిమిదేళ్లు నిండి రెండో దశలో ఉన్నవాళ్లకు 2022 నవంబరులో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. 14 రోజులు రోజూ నరంలోకి ఎక్కిస్తారు. 76 మంది మీద జరిగిన ప్రయోగంలో మూడో దశకు చేరే కాలం సుమారు రెండేళ్లు వెనక్కి జరిగింది. మందు వచ్చిన కొత్తలో అక్కడ కోర్సు ధర దాదాపు 1,94,000 డాలర్లు పెట్టారు, అంటే మన దగ్గర ఎకరాలు అమ్మినా తీరని లెక్క. 2022 నాటి ఆ అనుమతి నాలుగేళ్ల మీవాడికి ఎట్లాగూ వర్తించదు. నికోటినమైడ్ విటమిన్ ఆపుతుందని యూరప్‌లో పెద్ద ప్రయోగం చేశారు, 2004లో ఆపలేదని తేలింది. ఆవుపాల ప్రోటీన్‌ను ముక్కలు చేసిన డబ్బాపాలతో 15 దేశాల్లో రెండు వేలకు పైగా పిల్లలను చూసిన ప్రయోగమూ 2018లో అంతే. కాబట్టి ఎవరైనా పొడులు, చుక్కలు అమ్మజూపితే వద్దనండి.

అసలు లాభం వేరే చోట ఉంది. మీ బిడ్డ ఐసీయూలో తేలింది కదా, చిన్నోడు అట్లా తేలకుండా చేయొచ్చు. జర్మనీలోని బవేరియాలో 2015 నుంచి మామూలు పిల్లలకే ఈ యాంటీబాడీలు చూస్తున్నారు. ముందే తెలిసిన పిల్లల్లో కీటోన్ల విషమంతో ఆసుపత్రికి వచ్చేవాళ్లు నూటికి ఇద్దరు ముగ్గురే, తెలియని పిల్లల్లో ఇరవై మందికి పైగా. ఇటలీ 2023లో ఏకంగా చట్టమే చేసింది, టైప్-1తో పాటు సీలియాక్‌కూ (గోధుమలోని గ్లూటెన్ పడక పేగు దెబ్బతినే జబ్బు) పిల్లలందరికీ పరీక్ష అని.

బిడ్డ సంగతి మర్చిపోవద్దు, ఎందుకంటే ఈ ఇంట్లో ఆటోఇమ్యూన్ జబ్బులు గుంపుగా తిరుగుతున్నాయి. టైప్-1 ఉన్నవాళ్లలో నూటికి 15 నుంచి 30 మందికి థైరాయిడ్ యాంటీబాడీలుంటాయి. జబ్బు తేలినప్పుడు ఒకసారి, తరువాత ఏడాది రెండేళ్లకోసారి టీఎస్‌హెచ్, యాంటీ-టీపీఓ అనే థైరాయిడ్ యాంటీబాడీ చూడాలి. టీపీఓ పాజిటివ్, టీఎస్‌హెచ్ మామూలు అయితే మాత్ర అక్కర్లేదు, ఏటా టీఎస్‌హెచ్ చూస్తే చాలు. ఇంగ్లండ్‌లోని విక్‌హమ్‌లో ఇరవై ఏళ్లు వెంబడించి చూస్తే, యాంటీబాడీలు మాత్రమే ఉన్న ఆడవాళ్లలో ఏటా నూటికి ఇద్దరికే థైరాయిడ్ పనితీరు పడిపోయి జబ్బు వచ్చింది, టీఎస్‌హెచ్ కూడా పెరిగి ఉన్నవాళ్లలో నలుగురికి. పాజిటివ్ రాగానే మాత్ర రాసిచ్చే అలవాటు మన దగ్గర చాలా ఉంది, అడ్డుచెప్పి అడగండి.

సీలియాక్‌కు టీటీజీ-ఐజీఏ అనే యాంటీబాడీ, దాంతో పాటు ఒంట్లో ఐజీఏ రకం యాంటీబాడీలు మొత్తం ఎన్నున్నాయో చూడాలి. రెండోది చేయకపోతే, ఐజీఏ పుట్టుకతోనే తక్కువున్న పిల్లల్లో మొదటిది ఉత్త నెగటివ్ చూపిస్తుంది. ఒక దేశవ్యాప్త సర్వేలో ఉత్తరాదిన నూటికి 1.23 మందికి సీలియాక్ ఉంటే దక్షిణాదిన 0.10 మందికే. జన్యువులు మాత్రం రెండు చోట్లా మూడో వంతు మందికి పైగా ఉన్నాయి. తేడా గోధుమలో ఉందని అనుమానం. జొన్నల్లో ఆ గ్లూటెన్ ఉండదు. దేవరకొండ, పాలమూరు ఇళ్లలో జొన్నరొట్టె మీద పెరిగిన పిల్లలకు టీటీజీ నెగటివ్ వచ్చినా, ఇప్పుడు బిస్కెట్లు, చపాతీ, బ్రెడ్ రోజూ తింటున్నారు కాబట్టి షుగర్ తేలిన రెండేళ్లకూ అయిదేళ్లకూ మళ్లీ చూడాలి. పరీక్షకు ముందే గోధుమ మాన్పిస్తే రిపోర్టు పనికిరాదు, ఈ తప్పు చాలామంది చేస్తారు.

అడ్రినల్ గ్రంథి దెబ్బతినడం అరుదు, టైప్-1 ఉన్న రెండు వందల మందిలో ఒకరికి. కానీ ప్రాణం మీదికి తెచ్చేది అదే. ఏ కారణం లేకుండా ఇన్సులిన్ డోసు తగ్గించాల్సి వస్తుంటే, మాటిమాటికీ షుగర్ పడిపోతుంటే, చేతి గీతలు, చిగుళ్లు నల్లబడుతుంటే, ఉప్పు అడిగి మరీ తింటుంటే, పొద్దున ఎనిమిదింటికి కార్టిసాల్ (అడ్రినల్ తయారుచేసే హార్మోన్), వీలైతే అడ్రినల్‌ను నడిపే హార్మోన్ ఏసీటీహెచ్, 21-హైడ్రాక్సిలేజ్ యాంటీబాడీ చేయించాలి. మన దగ్గర టీబీ కూడా అడ్రినల్‌ను తినేస్తుంది, అదీ చూడాలి. ఒక్క విషయం గట్టిగా గుర్తుంచుకోండి: అడ్రినల్ మీద అనుమానం ఉన్న మనిషికి కార్టిసాల్ చూడకుండా థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టొద్దు. మాత్ర ఉన్న కొద్ది కార్టిసాల్‌ను తొందరగా ఖర్చు చేయిస్తుంది, మనిషి బీపీ పడిపోయి కుప్పకూలుతుంది.

వదినకు చిన్న మాట: మళ్లీ గర్భం అనుకుంటే, నెల తప్పిన రోజునే టీఎస్‌హెచ్ చేయించి డాక్టర్‌ను కలవాలి. మాత్ర డోసు మామూలుగా నాలుగో వంతు, మూడో వంతు పెంచాల్సి వస్తుంది.

చివరగా ఇంట్లో ఉంచుకోవాల్సింది. పరీక్ష నెగటివ్ వచ్చినా రాకపోయినా, బిడ్డ గ్లూకోమీటర్ ఇంట్లోనే ఉంది కదా. చిన్నోడు రాత్రి పక్క తడపడం మళ్లీ మొదలైనా, బిందె దగ్గరే నిలబడినా, మూత్రం పోసిన చోట చీమలు పట్టినా, తింటూ బరువు తగ్గినా, అప్పటికప్పుడు వేలు గుచ్చి చూడండి. మామిడిపండు తిన్న చేత్తో గుచ్చితే 300 చూపించొచ్చు, సబ్బుతో కడిగి తుడిచి మళ్లీ గుచ్చండి. 200 దాటితే పరగడుపు పరీక్ష కోసం తెల్లారేదాకా ఆగొద్దు, అదే రోజు పెద్ద దవాఖానకు. వాంతులు, కడుపునొప్పి, ఎగశ్వాస కూడా ఉంటే గంటలు లెక్క. ఆ స్థితిలో నీరసం అనుకుని ఊర్లో ఆరెంపీ డాక్టర్ గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తే, దాంట్లో స్టెరాయిడ్ సూది కలిపితే, నిప్పు మీద నూనె పోసినట్టే. 'అక్కకు టైప్-1 ఉంది, షుగర్ చూడకుండా గ్లూకోజ్ ఎక్కించొద్దు' అని ఒక కార్డు రాసి ఆరెంపీకి, బడిలో టీచర్‌కు, అమ్మమ్మ ఇంట్లో ఇవ్వండి. స్ట్రిప్పుల డబ్బా మూత గట్టిగా పెట్టి నీడన ఉంచండి, ఫ్రిజ్‌లో కాదు, బండి డిక్కీలో అసలే కాదు. డబ్బా తెరిచిన తేదీ మీద రాసుకోండి, కంపెనీ చెప్పిన నెలలు దాటినవి పారేయండి.